వదిలిపెట్టడమంతా దయేనా?



కూడలిలో కానిస్టేబులు ఇద్దరిని ఆపాడనుకోండి. ఇద్దరికీ హెల్మెట్ లేదు. ఒకతను జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్న బిడ్డను ఆసుపత్రికి తీసుకుపోతున్నాడు. రెండవ అతను ఫోను చేతికిచ్చి, "అన్నతో మాట్లాడండి" అంటున్నాడు. కానిస్టేబులు ఇద్దరినీ వదిలేశాడు. చూసేవారికి రెండూ ఒకటే. నీతి దృష్టిలో కూడా ఒకటేనా?

"చట్టమంటే చట్టమే, ఎవరినీ వదలకూడదు" అనేవారి మాటలో బలముంది. 2022లో మన దేశపు రోడ్లమీద 1,68,491 మంది మరణించారు. వారిలో హెల్మెట్ లేనివారే 50,029 మంది. ఇది చిన్న తప్పే కదా అని వదిలినవాడు రేపటి చావుకు దారి వేస్తున్నాడేమో! అందుకే 2019 సెప్టెంబరు 1 నుండి కేంద్ర చట్టం ఈ తప్పుకు జరిమానాను 100 రూపాయలనుండి 1,000 రూపాయలకు పెంచింది.

అయితే చట్టం చేసేవారు సాధారణంగా జరిగేదాన్ని మనసులో పెట్టుకొని చేస్తారు. ప్రతి సందర్భాన్నీ ముందుగా ఊహించలేరు. ఈ సంగతిని అరిస్టాటిల్ ఏనాడో గుర్తించాడు. తోమా అక్వీనాసు దానికి ఒక ఉదాహరణ ఇచ్చాడు. దాచమని ఇచ్చిన వస్తువును అడిగినప్పుడు తిరిగి ఇవ్వాలన్నది ధర్మం. కాని దాచిన కత్తిని యజమాని మతి చలించి ఉండగా అడిగితే ఇవ్వవచ్చునా? అక్కడ అక్షరాన్ని పాటిస్తే ధర్మమే చెడుతుంది. మన మోటారు వాహనాల చట్టంలోనూ ఈ వివేకం ఉంది. తలపాగా ధరించిన సిక్కులకు హెల్మెట్ నుండి మినహాయింపు ఉంది. రిజిస్ట్రేషన్ పత్రం వెంట లేనివారు పదిహేను రోజులలోగా చూపించే వీలుంది.

కాబట్టి బిడ్డను తీసుకుపోతున్న తండ్రిని వదలడం చట్టాన్ని కాలరాయడం కాదు. ప్రాణం కాపాడటానికే ఆ చట్టం పుట్టింది. ఇక్కడ ఆ ప్రాణం కోసమే కానిస్టేబులు పక్కకు తప్పుకున్నాడు. మరి "అన్న" ఫోనుకు వదిలినప్పుడో? అక్కడ ఎవరి ప్రాణమూ నిలబడలేదు, ఒకరి పలుకుబడి మాత్రమే నిలబడింది. రసీదు లేకుండా రెండు వందలు పుచ్చుకొని వదలడం ఇంకా హీనం. అది దయ కాదు, అమ్మకం.

రెంటినీ వేరుచేసే గీటురాయి ఒకటుంది. వదిలిన కారణాన్ని ఆ అధికారి వెనుక వరుసలో నిలబడినవారందరికీ వినబడేలా చెప్పగలడా? "బిడ్డకు జ్వరం" అని చెప్పగలడు. అదే స్థితిలో వచ్చే మరొకరినీ వదులుతానని కూడా అనగలడు. "అన్న చెప్పాడు" అని మాత్రం అనలేడు. నలుగురిలో చెప్పుకోలేని దయ పక్షపాతమే.

ఈ పక్షపాతానికి విరుగుడుగా కెమెరాలు వచ్చాయి. కెమెరాకు అన్న లేడు, కులం లేదు. నిజమే, కాని దానికి బిడ్డ జ్వరమూ కనబడదు. పైగా వెయ్యి రూపాయలు ఆఫీసరుకు ఒక పూట హోటలు ఖర్చు కావచ్చు. కూలీకి రెండు రోజుల కష్టం. తెలంగాణలో 2022 మార్చిలోను, 2023 డిసెంబరులోను పేరుకుపోయిన చలానాలపై పెద్ద రాయితీలిచ్చారు. ద్విచక్ర వాహనాలకు మొదటిసారి 75 శాతం, రెండవసారి 80 శాతం తగ్గింపు. పేదలకు ఊరట కలిగింది. కాని గడువులో కట్టినవారికి ఏమి మిగిలింది? మనిషిని చూడకుండా వేసిన శిక్షకు, మనిషిని చూడకుండా ఇచ్చిన క్షమాపణ అది. మిషను చలానా పంపినా ఫరవాలేదు, దాని వెనుక మన మాట విని సరిదిద్దగల మనిషి ఒకరుండాలి.

చివరిగా మన సంగతి. ఎదుటివాడు సిగ్నల్ దాటితే "పట్టుకోరేం?" అంటాం. మనల్ని ఆపితే "ఈ ఒక్కసారికి!" అంటాం. ఇతరులకు న్యాయం, మనకు దయ! ఈసారి ఆపినప్పుడు నిజమైన కారణముంటే చెప్పండి. లేకపోతే జరిమానా కట్టి రసీదు తీసుకోండి. వెనుక సీటులో మీ పిల్లలున్నారు. మీరు ఎవరికి ఫోను చేస్తారోనని వారు చూస్తున్నారు.