రసీదు

ఇజ్జత్, దోస్తీ, ఖాందాన్. ఈ మూడు మాటలూ మా ఇళ్ళల్లో విడివిడిగా వినిపించవు. దోస్తును వొదిలేసినవాడికి ఇజ్జత్ యెక్కడిది? 1947లో సైన్యాన్ని రెండుగా చీల్చినప్పుడు మాత్రం ఈ మూడూ ఒకదానికొకటి యెదురు నిలిచాయి. ఇటువైపు ఇళ్ళున్న ముస్లిం ఆఫీసర్లను యెటు పోతారో తేల్చుకొమ్మన్నారు. రాంపూర్ నవాబుల ఖాందాన్‌లో యాకూబ్ ఖాన్ అటు పోయాడు, అతని సోదరుడు యూనుస్ ఖాన్ ఇక్కడే వుండిపోయాడు.

మా హైదరాబాద్ మనిషి ఇద్రీస్ హసన్ లతీఫ్ సంగతి చూడండి. 1923లో పుట్టారు, నిజాం కాలేజీలో చదివారు, రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా మీద విమానం నడిపారు. అక్కడ ఆయన తోటివాళ్ళు అస్గర్ ఖాన్, నూర్ ఖాన్. దేశం చీలాక ఇద్దరూ పాకిస్తాన్ రమ్మన్నారు. పిలిచింది దోస్తీయే, పగ కాదు. తన మతం వేరు, తన దేశం వేరు అనుకున్న లతీఫ్ పోలేదు. ఆ దోస్తులిద్దరూ వొకరి తర్వాత వొకరు పాక్ వైమానిక దళాధిపతులయ్యారు. లతీఫ్ 1978లో మన వైమానిక దళాధిపతి అయ్యారు.

ఈ కథ మాకు కంఠతా వచ్చు. రాక తప్పదు. యెవడో 'పాకిస్తాన్ పోండి' అనగానే లతీఫ్ పేరు, 1948 జూలై 3న ఝంగర్‌లో నేలకొరిగిన బ్రిగేడియర్ ఉస్మాన్ పేరు, 1965లో పాక్ టాంకుల్ని పేల్చి చనిపోయిన అబ్దుల్ హమీద్ పేరు జేబులోంచి రేషన్ కార్డు తీసినట్టు తియ్యాల్సిందే. చచ్చిపోయిన మనిషిని రసీదు చెయ్యడం ఆ మనిషికి యేం ఇజ్జత్? అయినా పరమవీర చక్ర లేని మా దర్జీ, మా రిక్షావాలా యేం తీసి చూపించాలి?

ఇంకో సంగతి వుంది. 1965 ఏప్రిల్‌లో కచ్ రణ్‌లో కాల్పులు నడుస్తున్నప్పుడు అస్గర్ ఖాన్ ఢిల్లీకి ఫోన్ చేసి మన వైమానిక దళాధిపతి అర్జన్ సింగ్‌తో మాట్లాడాడు. విమానాల్ని ఇందులోకి దించొద్దన్నాడు. ఇద్దరూ తెల్లవాళ్ళ కాలంలో ఒకే దళంలో పనిచేసినవాళ్ళు. ఆ తగాదాలో రెండువైపులా విమానాలు బాంబులెయ్యలేదు. సెప్టెంబరులో యుద్ధం వొచ్చినప్పుడు అర్జన్ సింగ్ తన పని తాను చేశారు. యెవరూ ఆయన్ని గద్దార్ అనలేదు. అనకూడదు కూడా. శత్రువుతో మాట్లాడగల పరిచయం ఆ కొద్దిరోజులు యెందరి ప్రాణాలు కాచిందో.

అదే ఫోను లతీఫ్‌కు వొచ్చివుంటే?

మమ్మల్ని ప్రేమించే సెక్యులర్ మిత్రుల్ని కూడా ఇదే అడుగుతున్నాం. సిపాయి తుపాకీ యెటు పెట్టాడో చూడండి. అవతల ఫూఫీ కొడుకున్నాడని తెలిసీ పెట్టేవాడి గుండెలో యేం జరుగుతుందో తవ్వి చూడాలనుకోవడం దేనికి? మాలో చాలామంది సిపాయిలం కాము. కరాచీ నుంచి ఖాలా కూతురి పెళ్ళి కార్డు వొస్తే, అది బల్లమీద పెట్టాలా, బీరువాలో దాచాలా అని ఆలోచిస్తాం. పక్కింటి రావుగారికి అమెరికా నుంచి వొచ్చిన కార్డు మాత్రం వరండాలోనే వుంటుంది.