ఏటికి అటూ ఇటూ రెండు సంతలు

అనగనగా ఒక ఏరు. ఏటికి ఇవతలి గట్టున ఒక సంత. దాన్ని పెట్టించింది ఆ ఊరి మోతుబరి. ఆయన పెద్దగా అమ్మేదేమీ లేదు. నేల ఆయనది, నీడ ఆయనది, నీళ్ళు ఆయనవి. గాజులమ్మేవాళ్ళు, కుండలు చేసేవాళ్ళు, బెల్లం తెచ్చేవాళ్ళు వేరే. వాళ్ళు కట్టే ఆశీలే ఆయన రాబడి. కొనడానికి వచ్చేవాళ్ళు దడి దగ్గర ఒక చీటీ తీసుకోవాలి. ఒకసారి తీసుకుంటే ఏళ్ళ తరబడి చెల్లుతుంది. సంత మధ్యలో మోతుబరి సొంత బొమ్మలాట ఒకటి ఉండేది. అందులో నీలం రంగు బొమ్మ గిర్రున తిరుగుతూ పరిగెడుతుంటే పిల్లలు ఇళ్ళకు కదిలేవాళ్ళు కాదు.

ఇలా ఉండగా అవతలి గట్టున కొత్త షావుకారు ఒకడు సంత పెట్టబోతున్నాడని కబురొచ్చింది. సంతల సంగతి వాడికేం తెలుసని అందరూ నవ్వారు. మోతుబరికి మాత్రం నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి పాత సంతకు ముందు ఒక తాటాకు పందిరి వేయించాడు. "ఇది కొత్త వైభవం, దీనికి వేరే చీటీ" అన్నాడు. నమ్మినవాళ్ళు కొన్నారు. పందిరి ఆకు ఎండకముందే ఆయనే కాస్త ఎగువన మరో కొత్త సంతకు కొలతలు వేయిస్తున్నాడని తెలిసి నోళ్ళు వెళ్ళబెట్టారు.

ఆ కొత్త సంత కట్టుబడి చూసి తీరాల్సిందే. బావి దగ్గర నీళ్ళు తోడడానికి ఇద్దరు బలశాలుల్ని పెట్టాడు, గిలక మాత్రం ఒకటే. ఒకడు తోడుతుంటే రెండోవాడు చేద పట్టుకుని నిలబడాలి. లోకంలో అందరూ మూడు కర్రలతో గుడారం వేస్తుంటే ఇక్కడ నాలుగు కర్రలకే గుంతలు తీయించాడు. ఇద్దరినీ సరిగ్గా వాడుకోవడం తెలిసినవాడికి అక్కడ మంచి రాబడే. తెలిసినవాళ్ళే తక్కువ.

వినాయక చవితికి తెరుస్తామని చాటింపు వేయించాడు. అందరూ ఆ లెక్కనే సరుకు సిద్ధం చేసుకుంటున్నారు. వైశాఖంలో ఒకనాడు ఊరి జనాన్నీ, చుట్టుపక్కల వర్తకుల్నీ పోగుచేసి, అరుగెక్కి, "చవితిదాకా ఆగడమెందుకు, సంత ఇవాళే! చీటీ నాలుగణాలు!" అన్నాడు. చప్పట్లు మోగుతాయనుకున్నాడు. నలుగురు వర్తకులకు మాత్రం ముందే కబురందింది, వాళ్ళ అంగళ్ళు అప్పటికే నిండి ఉన్నాయి. మిగతావాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కుమ్మరి కుండలు ఇంకా పచ్చివే. గాజులు కొలిమిలోనే ఉన్నాయి. బొమ్మలాట వాళ్ళయితే నీలం బొమ్మను అసలు తేనేలేదు.

అదే సభలో షావుకారు మనిషి కూడా ఉన్నాడు. అతని వంతు వచ్చింది. అరుగెక్కి "మూడణాలు" అన్నాడు. అంతే, దిగిపోయాడు. ఈసారి చప్పట్లు మోగాయి.

మోతుబరి చూపు బెల్లం అవ్వ మీద పడింది.

"ఏం అవ్వా, అలిగావా?"

"అలకెందుకు బాబుగారూ. మీ పాత సంతలో ఇన్నేళ్ళు బెల్లం అమ్మినదాన్ని. బండి ఎప్పుడు కట్టాలో నాకొక్క మాట చెప్పొద్దా?"

కొన్నేళ్ళు గడిచాయి. ఆ సంత అడుగంటింది. మోతుబరికి బుద్ధొచ్చి మూడోసారి మళ్ళీ కట్టాడు. ఈసారి గిలకలు సరిగ్గా తిరిగాయి, నేల చదునుగా ఉంది, చీటీ చవక, నీలం బొమ్మ మొదటి రోజే ఆడింది. ఏ సంతలోనూ లేని వింత కూడా ఒకటి: అక్కడ కూర్చుని పొరుగూరి వాళ్ళతో ఆడుకోవచ్చు. జనం వచ్చారు, బాగానే వచ్చారు. కానీ చాలామంది అణాలు గుప్పిట్లోనే పెట్టుకుని దడి బయట ఆగిపోయారు. "అవతల షావుకారు కూడా ఇంకో పెద్ద సంత కడుతున్నాడట. చూద్దాం. ఈయన తాటాకు పందిరి సంగతి మనకు తెలియంది కాదుగా!"

మోతుబరి అవ్వ ఇంటికి తనే నడిచి వెళ్ళాడు.

"సంత బాగుంది బాబుగారూ. ఒట్టు, ఈసారి నిజంగానే బాగుంది," అంది అవ్వ. "కానీ నా బండెద్దులు అవతలి రేవుకు అలవాటు పడ్డాయి."

నీతి: సంత పెట్టేవాడికి నేలకన్నా ముందు మాట చదునుగా ఉండాలి.

కథలో తాటాకులూ అణాలూ నావి. మిగతాది జరిగిందే. మోతుబరి పేరు సేగా, షావుకారు పేరు సోనీ. రెండూ వీడియో గేమ్ యంత్రాలు చేసిన జపాన్ కంపెనీలే అయినా కథ ముదిరింది అమెరికాలో. పందిరి పేరు 32ఎక్స్. సేగా వారి పాత జెనెసిస్ యంత్రానికి పైన తగిలించుకునే పెట్టె. 1994 నవంబర్‌లో అమెరికాలో సుమారు 160 డాలర్లకు అమ్మారు. అదే నెలలో జపాన్‌లో సేగా వారే శాటర్న్ అనే కొత్త యంత్రం విడుదల చేశారు. ఒక చేత్తో పందిరి అమ్ముతూ ఇంకో చేత్తో దాన్ని పీకేశారన్నమాట.

అరుగు లాస్ ఏంజెలెస్‌లోది. 1995 మే 11, మొట్టమొదటి ఈ3 వీడియో గేమ్ ప్రదర్శన. శాటర్న్‌ను సెప్టెంబర్ 2న తెస్తామని అంతకుముందు చెప్పుకున్నారు. సేగా అమెరికా విభాగం అధిపతి టామ్ కాలిన్‌స్కీ వేదిక మీదికొచ్చి ఇవాళే అమ్మకాలు మొదలని, ధర 399 డాలర్లని ప్రకటించాడు. యంత్రాలు అప్పటికే నాలుగు దుకాణ సంస్థలకు చేరాయి. మిగతా దుకాణాలవాళ్ళకు తెలిసింది ఆ సభలోనే. కేబీ టాయ్స్ అనే బొమ్మల దుకాణాల సంస్థ కోపగించి సేగా సరుకే పెట్టనంది. అదే రోజు సోనీ తరఫున స్టీవ్ రేస్ వేదికెక్కి, తమ ప్లేస్టేషన్ యంత్రం ధరగా 299 అనే ఒక్క అంకె చెప్పి దిగిపోయాడు.

ఆ అంకెను అందరూ గుర్తుపెట్టుకున్నారు. శాటర్న్ ఓడింది ధర వల్లేనని ఇప్పటికీ చెప్పుకుంటారు. నాకు ఆ మాట మీద నమ్మకం లేదు. కొద్ది నెలల్లోనే సేగా కూడా 299కి దిగింది, అయినా పరిస్థితి మారలేదు. ధర అనేది ఒక పూటలో దిద్దుకోగలిగిన తప్పు. దుకాణదారు మనసు అలా దిద్దుకోలేం.

ఇంకొందరు కట్టుబడిని తప్పు పడతారు. అందులో నిజం ఉంది. శాటర్న్‌లో హిటాచీ వారి ఎస్‌హెచ్-2 ప్రాసెసర్లు రెండు. మెమరీకి పోయే దారి మాత్రం ఒకటే, ఒకటి వాడుతుంటే రెండోది ఆగాలి. త్రీడీ బొమ్మల్ని మిగతావాళ్ళలో చాలామంది త్రిభుజాలతో కూర్చుతుంటే శాటర్న్ చతుర్భుజాలతో కూర్చింది. ప్లేస్టేషన్‌లో పని అంత చిక్కు కాదు. ఆటలు రాసేవాళ్ళకు కావలసిన సాధనాలు కూడా సోనీ సమకూర్చింది. సోనీ ఈ రంగానికి కొత్త. మరో ఆటల కంపెనీ నింటెండో యంత్రానికి సీడీ భాగం చేసిపెట్టే ఒప్పందం 1991లో బెడిసికొట్టాక సొంతంగా దిగింది. అలాంటిది, ఒక్కో కంపెనీని వెతుక్కుంటూ వెళ్ళి ఆటలు తెచ్చుకుంది.

అయితే కట్టుబడే కారణమైతే అదే యంత్రం జపాన్‌లో ఎలా నిలబడింది? అక్కడ ధర 44,800 యెన్లు. ప్లేస్టేషన్ 39,800 యెన్లు. అంటే అక్కడా సేగాదే ఖరీదు. అయినా వర్చువా ఫైటర్ అనే ఆట కోసం జనం ఎగబడ్డారు. శాటర్న్ జపాన్‌లో నింటెండో 64 యంత్రం కంటే ఎక్కువే అమ్ముడుపోయింది. అదే గిలక, అవే నాలుగు కర్రలు. తేడా ఏమిటంటే అక్కడ చెప్పిన రోజున, చెప్పినవాళ్ళందరికీ సరుకు అందింది. అమెరికాలో ఆటలు రాసే కంపెనీలు సెప్టెంబర్ లెక్కన పని చేస్తుండగా మేలో అంగడి తెరిచారు. కొన్నవాళ్ళకు ఆడుకోవడానికి నెలల తరబడి పట్టుమని పది ఆటలు లేవు. సేగాకు పేరు తెచ్చిన సోనిక్ పాత్ర కోసం శాటర్న్ మీద తలపెట్టిన పెద్ద ఆట మధ్యలోనే ఆగిపోయింది.

ఈ వ్యాపారంలో యంత్రం మీద లాభం తక్కువ, తరచూ నష్టమే. వచ్చేదెక్కువగా ఇతరులు చేసే ఆటల మీద అందే వాటానే. అందుకే ఆశీలు అన్నాను. జనం ఉంటే ఆటలు వస్తాయి, ఆటలుంటే జనం వస్తారు. రెండింటిలో ఏది ముందో తేలనప్పుడు ఇద్దరూ నమ్మేది సంత పెట్టినవాడి మాటనే. ప్లేస్టేషన్ పది కోట్ల పైచిలుకు అమ్ముడైంది. శాటర్న్ దాదాపు 92 లక్షలు.

మూడో సంత డ్రీమ్‌కాస్ట్. నాకు దాని మీద కొంచెం పక్షపాతం ఉంది, దాచుకోను. 1999 సెప్టెంబర్ 9న అమెరికాలో 199 డాలర్లకు వచ్చింది. ఫోన్ తీగతో ఇంటర్నెట్‌కు కలిపే మోడెమ్ లోపలే ఉంది. మొదటి రోజు అమ్మకాలు అదిరాయి. కానీ క్రీడల ఆటలకు పెద్ద దిక్కైన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఒక్క ఆటా ఇవ్వలేదు. మరుసటి ఏడాది రాబోయే ప్లేస్టేషన్ 2 డీవీడీ సినిమాలు కూడా చూపిస్తుందని విని కొనేవాళ్ళు డబ్బు దాచుకున్నారు. సేగా అధ్యక్షుడు ఇసావో ఒకావా తన సొంత ఆస్తి నుంచి దాదాపు 70 కోట్ల డాలర్లు కంపెనీకి ఇచ్చేసి 2001 మార్చిలో కన్నుమూశాడు. అంత పెద్ద మనసు కూడా యంత్రాన్ని నిలబెట్టలేదు. ఆ డబ్బు కంపెనీని మాత్రం బతికించింది.

2001 జనవరి 31న సేగా ఇక యంత్రాలు చేయనని ప్రకటించింది. అదే ఏడాది డిసెంబర్‌లో సోనిక్ అనే ఆ నీలం బొమ్మ జపాన్‌లో నింటెండో వారి యంత్రాల మీద పరిగెత్తింది.