మయసభకు ముడుపు

తీర్థయాత్రకు శాస్త్రము కలదు, వినోదయాత్రకు లేదు. కాశికి పోవువాడు ఏ తిథిని బయలుదేరవలెనో, ఎవరి ఋణము తీర్చి గడప దాటవలెనో, ఇంట మిగిలినవారి గ్రాసమునకు ఏమి విడిచిపోవలెనో, తిరిగివచ్చిన పిమ్మట ఎందరికి అన్నము పెట్టవలెనో మన పెద్దలు విధించిరి గాని, ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకొని సింగపూరునందలి సెంటోసా ద్వీపమునకు పోయి, అచ్చటి యూనివర్సల్ స్టూడియోస్ అను ఆటల తోటలో ఒక పగలు గడపి రాదలచిన గృహస్థు ఏ నియమమును పాటింపవలెనో ఎవరును చెప్పియుండలేదు. ఆమడగూరువంటి మెట్టసీమలో, వేరుసెనగ విత్తి ఆకసమువంక చూచువారి నడుమ, ఇట్టి ప్రశ్న పుట్టుటయే ఒకప్పుడు వింతగా తోచియుండును. ఇప్పుడు తోచదు. 2008లో దేవనహళ్ళియొద్ద బెంగుళూరు విమానాశ్రయము తెరచిన నాటినుండి మాకు విమానము మన రాష్ట్ర రాజధానికంటె దాపయినది. బెంగుళూరునకు కొలువులకై పోయిన పిల్లలు పండుగకు ఇల్లు చేరినప్పుడు అరుగుమీద జరుగు లెక్కలలో పొలమునకు బోరుబావి, చెల్లెలికి పెండ్లి, వేసవి సెలవులకు సింగపూరు, ఈ మూడును ఒకే కాగితముమీదికి వచ్చుచున్నవి. ఆ మూడవ పద్దునకు ధర్మములో చోటున్నదా యనునదే నేను విచారింపదలచిన విషయము.

దీనికి లోకములో రెండు సమాధానములు చెల్లుబడిలోనున్నవి. ఆ రూకలతో కాశీరామేశ్వరములు సేవింపరాదా యని పెద్దలందురు; మా కష్టార్జితము, మా యిచ్చ యని పిన్నలందురు. మొదటి సమాధానము చెప్పువారు కదిరి తేరును మరచినవారు. నరసింహస్వామి రథము కదలునాడు జనము మిరియములను, దవనమును, పండ్లను రథముమీదికి విసరుదురు. నేలరాలిన మిరియములను ప్రసాదముగా ఏరుకొను ముసలమ్మల చేతులక్రిందినుండి దూరి, తాత వ్రేలు విడిపించుకొని, పిల్లవాడు పరుగెత్తునది ఎచ్చటికి? రంగులరాట్నముకడకు, బొరుగులును మిఠాయియు అమ్ము అంగడికడకు. తాతకది తీర్థము, మనుమనికది తిరునాల. ఇరువురును ఒకే బస్సులో పోయి ఒకే బస్సులో వచ్చిరి. ఆట దైవమునీడను పెరిగినంతకాలము దాని వ్యయమును ఎవరును వేరుగా అడుగలేదు. ఇప్పుడది సముద్రము దాటి వేరుకాపురము పెట్టినది గనుక అడుగుచున్నారు.

వేదాంతులకైతే ఆటతో జగడమే లేదు. ఏ కొరతయు లేని ఈశ్వరుడు ఏల జగత్తును సృజించెనని ప్రశ్నించినవారికి బ్రహ్మసూత్రములు చెప్పిన సమాధానము లీల యనియే. కోరికలన్నియు తీరిన రాజు ప్రయోజనమేమియు లేకయే విహారస్థలములలో క్రీడించునట్లని శంకరులు దానిని వివరించిరి. ప్రయోజనము లేని విహారమును పరమేశ్వరునకు ఒప్పుకొన్న మతము దానిని ఏడేండ్ల పిల్లకు ఒప్పుకొననుట చెల్లదు. అయితే ఒక్క భేదము: ఈశ్వరుని లీలకు కంతులు లేవు.

రెండవ సమాధానము చెప్పువారికి, అనగా తమ ధనము తమ యిచ్చ యనువారికి, బదులు భాగవతములో నున్నది. అది చెప్పినవాడు గురువులలో మిక్కిలి లెక్కలెరిగినవాడు. వామనుడు మూడడుగుల నేల నడిగినప్పుడు బలిచక్రవర్తిని వారింపబూని శుక్రాచార్యుడు చెప్పిన మాటలలో ఒక విభాగవిధి కలదు: గృహస్థు తన విత్తమును ధర్మమునకు, కీర్తికి, మరల అర్థసంపాదనకు, కామమునకు, తనవారికి అని ఐదు పాళ్ళు చేసినచో ఇహమునను పరమునను సుఖపడునట. నేనెరిగినంతలో మన పురాణములలో ఆదాయవ్యయపట్టిక యనదగినది ఇంత పొట్టిగా, ఇంత నిండుగా మరియొకచోట లేదు. ఇందు గమనింపదగిన దేమనగా, కామమునకు గురువు ఒక పాలు వేరుగానే ఉంచుమనెను గాని, తక్కిన నాలుగును తీరినపిమ్మట ఏమైన మిగిలినచో ఉంచుమనలేదు. సుఖము ఇంటిలో దొంగవలె దాగవలసిన పని లేదు; దాని పీట దానికున్నది. పాళ్ళు ఐదును సమానముగా నుండవలెనని దీనికి అర్థము కాదు. ఒక పాలు మరియొక పాలి వేషము వేసికొని రారాదని మాత్రము నాకు అందిన భావము. ఈ వినోదయాత్రల విషయమున తప్పు ఎచ్చట దొర్లునో చూడగోరినచో ఆ వేషములకడనే చూడవలెను.

ముందు పైపై వ్యయములు. పెద్దలకు పాస్‌పోర్టు రుసుము 1500 రూపాయలు, పిల్లలకు 1000. పిల్లల పాస్‌పోర్టు ఐదేండ్లకే ముగియును గనుక మూడేండ్ల బిడ్డకు తీసియుంచిన దానినే బడివయసు ముదిరిన పిమ్మట వాడుదమనుకొనరాదు. రెండేండ్లు నిండని శిశువు ఒడిలో కూర్చున్నచో విమానమువారు స్వల్పముగా పుచ్చుకొందురు. బడిసెలవులలో మాత్రము అందరియొద్దను అధికముగానే పుచ్చుకొందురు. ఆటల తోటకు ఒక్కరోజు చాలును. తక్కిన దినములు సముద్రతీరము, ఉద్యానములు, సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ కోవెల చూచుటకు టికెట్టు లేదు. ఇట్టి జాగ్రత్తలు మనకు క్రొత్తవి కావు. మద్రాసు సుప్రీముకోర్టులో దుబాసీగానుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో బయలుదేరి పదునైదు నెలలకు పైగా కాశీయాత్ర చేసినప్పుడు, దేవతాదర్శనములతోపాటు ఏ మజిలీలో ఏ వస్తువు దొరకును, బాట ఎట్టిది, నీరెట్టిదియని వ్రాసికొనుచునే పోయిరి. 1838లో అచ్చైన ఆ యాత్రాచరిత్రను చదివినవారికి లెక్క వ్రాసినచో పుణ్యము చెడునను భయముండదు. ఆయన వెంట నూరుగురు పరివారముండిరి గనుక పొదుపునకు మాత్రము ఆయనను ఉదాహరింపజాలను.

అసలు ప్రశ్న ధనము ఎంతయని కాదు, ఎచ్చటిదని. పూర్వము యాత్రకు ముడుపు ఉండెను. పసుపుగుడ్డలో రూపాయి కట్టి దేవుని పటముకడ ఉంచినచో ఇంట ఉప్పు నిండుకొన్నను దానిని విప్పరు. నేడు మాలో ఆ పని చేయునది చీటీ. ఇరువదిమంది నెలకు పదివేల చొప్పున వేసినచో నెలనెలకు రెండు లక్షలు పోగగును. అక్కరగలవాడు మొదటి నెలలలోనే పాటపాడి, నలువదివేలు వదలుకొని, లక్షా అరువదివేలు పుచ్చుకొనును. ఆ నలువదివేలు చీటీ నడపువాని కమీషను పోగా అందరికిని పంపకమగును. కడవరకు ఆగినవానికి ఇంచుమించు మొత్తమంతయు చేతబడును. పాటనాటి సాయంకాలము ఆ వసారాలో కూర్చున్నవారికి తెలియును: ముప్పదియని ఒకడు, ముప్పదియైదని వేరొకడు అనుచుండగా, తక్కినవారు పాడువాని మాటలు వినుటకంటె వాని మొగమునే చూచుచుందురు, వాని యింట నున్నది ఆస్పత్రియా, పెండ్లియా, కాలేజీ ఫీజా యని. అట్టిచోట సింగపూరునకై రెండవ నెలలోనే నలువదివరకు పాడినవాడు, తెలిసియో తెలియకయో, ఆస్పత్రికై పాడుచున్నవానికి ధర పెంచినవాడగును. దీనిని ఏ స్మృతియు నిషేధించినట్లు లేదు. నాకు మాత్రము రుచింపదు. వినోదమునకు చీటీ కట్టువాడు చివరి నెలలవరకు నోరు మెదపకుండుట నేటి ముడుపునకు తగిన నియమము. ఇక నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి రెండు లక్షలు తెచ్చి విమానమెక్కువాని సంగతి చెప్పనేల? నెలకు నాలుగువేలు వడ్డీయే. ఎక్కిన బండ్లు పిల్లవాని జ్ఞాపకమునుండి జారిపోయిన తరువాతకూడ అది తప్పక గుమ్మము తట్టును.

ఉద్దేశము మంచిదైనచో ధనమునకు మూలమడుగనేల యనువారిని హిందూపురమునకు దాపుననున్న లేపాక్షికి తీసికొనిపోవలెను. అచ్యుతదేవరాయల కాలమున పెనుగొండలో కోశాధికారిగానుండిన విరూపణ్ణ అచ్చటి వీరభద్రాలయమును కట్టించెను. చిత్తరువులతో నిండిన ఆ మండపపు కప్పును చూచినవాడెవడును ఆ వ్యయము వ్యర్థమనజాలడు. అయినను జనులు చెప్పుకొను కథ వేరు. రాజు అనుమతి లేక బొక్కసము వెచ్చించెనను నేరమునకు కన్నులు తీయింప నాజ్ఞ కాగా, విరూపణ్ణ తానే తన కన్నులు పెరికి గోడకు విసరెనట; ఆ గోడపై ఎఱ్ఱని మరకలను నేటికిని చూపుచున్నారు. కల్యాణమండపము స్తంభములతోనే నిలిచిపోయినది. దేవునికై చేసినదే అయినను, పరుల పాలినుండి తీసినది తనదగునా యని ఆ కథ కల్పించినవారు అడిగిరి. మన పిల్లలకై చేసినదానికి అంతకంటె మెత్తని తీర్పు దొరకునని ఆశింపరాదు.

ఆ తోటలో ధనము మరల బయటికి వచ్చుచోటు వరుస. ఆట కొద్ది నిమిషములు, వరుస గంటసేపు; నిలువనొల్లనివారికి వేరు వెల పెట్టి ఎక్స్‌ప్రెస్ పాసులు అమ్ముదురు. కాలమునుకూడ అమ్ముచున్నారే యని దీనిని ఈసడించు పెద్దలు తిరుమలలో మూడువందల రూపాయల ప్రత్యేక ప్రవేశదర్శనపు టికెట్టు దొరకినందుకు మురియుట నేనెరుగుదును. భేదము లేదనను. వైకుంఠం క్యూకాంప్లెక్సులో ధర్మదర్శనమునకు గంటలకొలది కూర్చున్న సంసారి ఆ కూర్చుండుటనే సేవగా లెక్కించుకొనును. గోవిందనామము పలికిన నోటికి కాలము తెలియదు. ఆటల తోటలో నిరీక్షణకు అట్టి సంస్కారమెవరును ఈయలేదు. అయినను పాసు కొనక నిలిచిన పిల్లలను చూడుడు: ముందు బండి ఎక్కినవారి కేకలు వినుచు, తమ వంతునకు ఇంకెందరున్నారో లెక్కించుచు, భయమును ఆనందమును కలిపి నమలుచుందురు. ఆటలో సగము అచ్చటనే జరిగిపోవును. పొదుపరియైన తండ్రి ఆ సగమును ఉచితముగా ఇచ్చినవాడు.

ఇట్టి తోట మనకు తెలియనిదని యనుకొనరాదు. ఖాండవదహనమున తన ప్రాణము కాపాడినందుకు మయుడు పదునాలుగు నెలలు శ్రమించి ధర్మరాజునకు కట్టియిచ్చిన సభ అట్టిదే. నీరు నేలయై, నేల నీరై, గోడ ద్వారమై భ్రమింపజేయునది. అమెరికాలో డిస్నీలాండు తెరచినది 1955లో. రెండేండ్లకు మనవారు మాయాబజారు తీసిరి గనుక, ఆ విద్యలో వెనుకబడితిమని నేనొప్పుకొనను. కాని మయసభను చూడవచ్చిన అతిథులలో ఎక్కువ మూల్యము చెల్లించినవాడు టికెట్టు కొననివాడే. దుర్యోధనుని గుండెలో గ్రుచ్చుకొన్నది తడిసిన వస్త్రము కాదు. పాండవులకున్నది తనకు లేదనుట, తాను జారినప్పుడు చూచినవారు నవ్విరనుట. ఆ సభలోని వింతలను చూచి ఆనందించుటకు వానికి తీరికయే చిక్కలేదు. ఎదురింటివారు సింగపూరు పోయిరి గనుక, వారి ఛాయాచిత్రములను ఫోనులో ఊరంతయు చూచినది గనుక, మనమును పోవలెనని బయలుదేరినవానిది కామపు పద్దు కాదు, కీర్తి పద్దు. కీర్తికిని శుక్రుడు ఒక పాలు ఈయకపోలేదు. దానినుండియే ఖర్చు చేసి, పిల్లల ముచ్చటకని వ్రాయకున్నచో నాకు పేచీ లేదు.

మా ప్రాంతములో విదేశమనగా చిరకాలము ఆట కాదు. కడప, అన్నమయ్య జిల్లాలనుండివలెనే కదిరి ప్రాంతమునుండియు ఎందరో స్త్రీలు కువైట్ పోయి పరుల ఇండ్లలో వండి, పరుల పిల్లలను ఎత్తుకొని పెంచి, తమ పిల్లలను ఫోనులో చూచుకొనుచున్నారు. అట్టి తల్లి పంపిన ధనముతో తండ్రియు పిల్లలును ఆటల తోటకు పోవుట తగునా? అది ఆమెయే చెప్పవలసిన మాట. ఆమె సెలవునకు తిరిగివచ్చునంతవరకు ఆగి, ఆమెతో కూడ పోవుటయే నాకు న్యాయముగా తోచును. శుక్రుని ఐదవ పాలు, తనవారిది, ఈ యాత్రలలో అన్నింటికంటె తేలికగా కత్తెరపడునది. నలుగురికి లెక్క సరిపోయినప్పుడు ఐదవ మనిషి ఎవరో మన ఇండ్లలో అందరికిని తెలియును.

మా వైపున ఒక యింట ఈ ప్రసంగమే జరిగినది. తనకు చెప్పకయే లెక్కలు వేయుచున్న కొడుకును ముసలితల్లి అడిగినది.

‘యాడికి పోతాండారు నాయనా? ఆడ దేవుడుండాడా?’

‘ఆడ ఆటలుండాయమ్మా, పిల్లోళ్ళకి.’

‘ఐతే నాకెందుకు? ఆ దుడ్లు పిల్లోళ్ళకే పెట్టు.’

కొడుకు ఊరకుండెను. కోడలు మాత్రము ఊరకుండక, అవ్వను విడిచి పోవుటకు వీలులేదని పట్టుపట్టినది; అవ్వమీది ప్రేమయో, పరదేశములో చిన్నపిల్లను చూచుకొనుటకు ఒక మనిషి కావలెననియో నేనడుగలేదు. మొదటిదైనచో ఆ టికెట్టు తనవారి పాలిది, రెండవదైనచో కామపు పాలిదే. అవ్వకు రెండింటను విమానమొకటియే. ఇచ్చట శుక్రుని లెక్కను కడదాక పట్టుకొనుటకు నాకు ధైర్యము చాలదు. ఆ పంచవిభాగము చెప్పినవాడే దానము నాపుటకై కమండలువు కొమ్ములో దూరి, వామనుని దర్భపోటుచే ఒక కన్ను పోగొట్టుకొనెనని మన యిండ్లలో చెప్పుదురు గదా. మితిమీరి వ్యయించిన విరూపణ్ణకు రెండు పోయినవి.

ఐదవ టికెట్టునకై ఆ యింటివారు చీటీ కడవరకు ఆగి యాత్రను మరుసటి వేసవికి జరిపిరి. పిల్లలు రెండు పూటలు అన్నము తినక అలిగిరి. పాస్‌పోర్టు దరఖాస్తులో అవ్వ పుట్టిన తేది వ్రాయవలసివచ్చినప్పుడు, అది ఎవరికిని తెలియక, ఆధారుకార్డులో ఏనాడో వ్రాసియున్న జనవరి 1నే ఖాయము చేసిరి. అరువదేండ్లు దాటినవారికి రుసుములో పదవవంతు తగ్గింపుండుటచే నూటయేబది రూపాయలు మిగిలినవి. వానిని పిల్లల చేతికి ఈయక కదిరి స్వామి హుండీలో వేసి రమ్మని అవ్వ కొడుకును పురమాయించినది.