మన వాకిట్లో సంపెంగ



ఆకంతా రాల్చి, మొండి కొమ్మల మీద గులాబీరంగు గిన్నెల్లాంటి పూలు పూసే మాగ్నోలియా చెట్టును ఫొటోలో చూసినవాళ్లకు అది తమ పెరట్లోనూ ఉండాలనిపిస్తుంది. కానీ ఆ రకానికి నెలల తరబడి గట్టి చలి కావాలి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో ఆ చలి లేదు. పైగా మే నెలలో 45 డిగ్రీల దాకా పోయే ఎండ!

బాధపడకండి. అదే కుటుంబపు చెట్టు మనకుంది, సంపెంగ. శాస్త్రవేత్తలు దీన్ని మాగ్నోలియాల్లోనే లెక్కిస్తారు. ఇది ఏడాదంతా పచ్చగా ఉంటుంది, సువాసనలో దేనికీ తీసిపోదు.

తొలకరి పడ్డాక నాటండి. చోటు మాత్రం ముందే బాగా ఆలోచించండి. దీని వేర్లు కండగలిగి, సుకుమారంగా ఉంటాయి. పెరిగాక పెళ్లగించి మార్చితే తట్టుకోవడం కష్టం. పడమటి ఎండ నేరుగా కొట్టని మూల మేలు. ఎర్ర చెలక అయితే మాగిన పశువుల ఎరువు కలపండి. నల్లరేగడి అయితే మట్టి ఎత్తు చేసి నాటండి, ఎందుకంటే నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది.

అసలు పరీక్ష మొదటి రెండు మూడు ఎండకాలాలు. పాదులో ఎండుటాకులు, వరిగడ్డి పరచండి, మొదలుకు మాత్రం తగలనీయకండి. నాలుగు కర్రలు పాతి పాత నూలు చీర కట్టినా లేత మొక్క బతుకుతుంది. నీళ్లు పొద్దున్నే పోయండి. లావు కొమ్మలు నరకొద్దు, ఆ గాయాలు తొందరగా మానవు.

గింజ మొక్క పూతకు ఏళ్లు పడుతుంది. త్వరగా పూలు కావాలంటే నర్సరీలో అంటు మొక్కే అడగండి.