పేటకు పడ్డ ముద్ర

రాయ్‌పూర్ శివారు బీర్‌గావ్‌లో ఉర్లా కర్మాగారాల కార్మికులు కాపురముంటారు. అలాంటి పేటలో దొంగతనం జరిగితే వార్తలో పేట పేరే ముందుంటుంది. అక్కడి పిల్ల పరీక్షలో నెగ్గితే ఆ పేరు చాలాసార్లు వినబడదు.

ఇలా పడ్డ ముద్ర ఎంతకాలం వెంటాడుతుందో ఎరుకలవారు ఉండే మన స్టువర్టుపురానికి తెలుసు. 1871 నాటి నేరస్థ తెగల చట్టం కాలక్రమంలో ఎరుకలవారినీ పుట్టుకతోనే నేరస్థులుగా చూసింది. 1952లో అది రద్దయింది. అయినా 1991లో ఆ ఊరి పేరుతోనే సినిమాలు వచ్చాయి.

చిరునామా చూసి ఎవరికీ ఉద్యోగం, అద్దె ఇల్లు కాదనకండి. తప్పు చేసినవాడిని చట్టం చూసుకుంటుంది. కష్టపడి బతికే మిగతా ఊరిని గౌరవించడం మన బాధ్యత. ఈరోజే మొదలుపెడదాం.