ఆ మాట ఎవరిది?

ఇన్నేళ్ళు కాపురం చేసినదానికి మొగుడి మనసు తెలియకుండా ఉంటుందా అని లోకం అంటుంది. నేనూ అలాగే అనుకుంటూ వచ్చాను. డ్యూటీ దిగి వచ్చి ఆయన చెప్పులు విడిచే తీరును బట్టి ఆ పూట ఎలా గడిచిందో చెప్పగలిగేదాన్ని. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే కూరలో ఏం తగ్గిందో ఆయన అడక్కముందే అందించేదాన్ని. ఇలాంటి తెలివి చాలా ఇళ్ళల్లో ఉంటుంది. దాన్నే మనం ఆలుమగలు ఒకటేనని, సగం దేహమని గొప్పగా చెప్పుకుంటాం. ఉప్పు విషయంలో ఆ తెలివి పొరబడినా నష్టం లేదు, ఇంకాస్త వేసుకుంటారు. కానీ ఒక మనిషి నాలుకలో ఎంత ఉండాలి, ఎంత పోవాలి అని అడిగితే ఆ తెలివిని నమ్ముకుని జవాబు చెప్పవచ్చా? ఈ అనుమానం నన్ను వదలడం లేదు.

ఆయన విజయనగరం డిపోలో కండక్టరు. హనుమంతవాక, మధురవాడ, ఆనందపురం, తగరపువలస అని ఆయన పిలిస్తే బస్సు చివరి సీటు దాకా వినబడేది. నాలుక ఎడమ అంచున పుండు లేచినప్పుడు పన్ను ఒరుసుకుంటోందనుకున్నాం. పన్ను అరగదీయించినా అది మానలేదు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే క్యాన్సర్ అని వచ్చింది. ఖైనీ వల్లనే అని చూడవచ్చిన ప్రతివాళ్ళూ అన్నారు. అది నిజమే కావచ్చు. మన దేశంలో మగవాళ్ళకు వచ్చే క్యాన్సర్లలో నోటిది ముందు వరసలో ఉంది, దాని వెనక పొగాకూ వక్కా ఉన్నాయి. కానీ మంచం మీద ఉన్న మనిషికి ఆ మాట మందు కాదు.

నాలుకలో కొంత భాగం, మెడలోని గ్రంథులు తీసేసి, ముంజేతి నుంచి రక్తనాళంతో సహా చర్మం తెచ్చి ఆ ఖాళీని పూడుస్తామని ఆపరేషన్‌కు ముందే చెప్పారు. మధ్యలో సర్జన్ బయటికి వచ్చారు. తీసిన ముక్క అంచులను అప్పటికప్పుడు గడ్డకట్టించి మైక్రోస్కోపు కింద చూస్తారు. ఫ్రోజెన్ సెక్షన్ అంటారు దాన్ని. ఒక అంచున క్యాన్సర్ కణాలు ఇంకా ఉన్నాయనీ, నాలుక కొస కూడా తీయాల్సి వస్తుందనీ, మాట బాగా దెబ్బతింటుందనీ చెప్పారు. అలాంటి అవసరం రావచ్చని రాసిన కాగితం మీద ఆయన సంతకం అంతకుముందే ఉంది. అయినా వచ్చి చెప్పడం ఆ డాక్టరు మంచితనం. ‘తీయండి’ అన్నాను. ఆ మాట నా నోట రావడానికి క్షణం కూడా పట్టలేదు.

నా చుట్టూ ఉన్నవాళ్ళకు ఇందులో ప్రశ్నే కనిపించదు. ప్రాణం కంటే మాట ఎక్కువా అంటారు. ఎక్కువో తక్కువో చెప్పాల్సింది ఆయన కదా. గొంతెత్తి పిలవడమే బతుకుగా బతికిన మనిషి ఆ తూకం ఎలా వేసుకుంటాడో నాకెలా తెలుసు? తెలుసన్న ధీమాతోనే అన్నానా, లేక ఆయన తూకం ఏమిటన్న ధ్యాసే నాకు లేదా? క్యాన్సర్ ఆసుపత్రి వరండాలో కాసేపు నిలబడితే ఒక మాట పదేపదే వినబడుతుంది: పేషెంటుకు చెప్పకండి, మాకు చెప్పండి. తన జబ్బు సంగతి తనకు తప్ప అందరికీ తెలిసి ఉండటాన్ని మనం ప్రేమ అనుకుంటాం. ఆయన దగ్గర నేనేదీ దాచలేదు. దాచకపోయినంత మాత్రాన ఆయన బదులు మాట్లాడే హక్కు నాకు వచ్చేస్తుందా?

ఆపరేషన్ గాయం మానాక కరెంటు పెట్టారు, అంటే రేడియేషన్ ఇచ్చారు. మామూలుగా 60 గ్రే మోతాదును 30 సిట్టింగులుగా పంచి, వారానికి అయిదు చొప్పున ఆరు వారాలు ఇస్తారు. వలలాంటి ప్లాస్టిక్ పలకను వేడినీళ్ళలో మెత్తబరిచి, ముఖం మీద మెడ దాకా వేసి అచ్చు తీస్తారు. రోజూ ఆ ముసుగును బల్లకు బిగిస్తారు, తల కదలకూడదు. అందరూ బయటికి వచ్చేశాక బరువైన తలుపు మూసుకుంటుంది. సగం దేహమన్న నమ్మకం ఆ తలుపు దగ్గర నాకు మరీ కష్టంగా తోచింది. లోపల పడుకున్నది పూర్తిగా ఆయన ఒక్కరే. నాలో ఏ సగమూ ఆయనతో లోపలికి వెళ్ళలేదు.

రెండు మూడు వారాలు గడిచేసరికి నోరంతా పొక్కిపోయింది. మందు కలిపిన నీళ్ళు పుక్కిలించడం కూడా నరకమైంది. ముక్కులోంచి రైల్స్ ట్యూబు వేశారు. తల వైపు ఎత్తు పెట్టి, వడగట్టిన రాగిజావ, పాలు, పల్చని మజ్జిగ సిరంజితో మెల్లగా పోసేదాన్ని. ట్యూబు ఉన్నా రోజూ కొన్ని గుటకలు మింగుతూనే ఉండాలని స్పీచ్ థెరపిస్టు గట్టిగా చెప్పింది. వాడని కండరం మింగడం మరిచిపోతుందట. నొప్పి తగ్గితేనే మింగగలరు. కాబట్టి ఎంత నొప్పి ఉందో డాక్టరుకు సరిగ్గా తెలియాలి.

ఒకరోజు రౌండ్స్‌లో డాక్టరు అడిగారు, సున్నా నుంచి పది దాకా మీ నొప్పి ఎంత అని. ఆయన నాలుగు వేళ్ళు చూపించారు. రాత్రంతా ఉమ్మి కూడా మింగలేక తువ్వాలులో వదులుతూ కూర్చున్న మనిషి! నేను కలగజేసుకుని, ఈయన ఎప్పుడూ తగ్గించే చెబుతారండీ, ఏడు రాసుకోండి అన్నాను. డాక్టరు మా ఇద్దరినీ చూసి మార్ఫిన్ మోతాదు పెంచారు.

పక్క మంచం మీద శ్రీకాకుళం వైపు ముసలామె ఉండేది. అడ్డపొగ అలవాటు, అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చేది. మా ఉత్తరాంధ్ర పల్లెల్లో ఆడవాళ్ళు కొందరు అలాగే కాలుస్తారు. అంగిలికి వచ్చింది జబ్బు. డాక్టరు ఆమె భర్తను అడిగారు, ఈమెకు నొప్పి ఎలా ఉంది తాతా అని. అతను చేతులు కట్టుకుని నిలబడి, ‘దాని నొప్పి నాకేటి తెలుస్తాది బాబూ? దాన్నే అడగండి’ అన్నాడు. ఆమె పది వేళ్ళూ చూపించి, మూసి, మళ్ళీ పది వేళ్ళూ చూపించింది. కాగితం మీద పదికి మించి గడి లేదు.

ఆ సాయంత్రం ఆయన మాటకు బదులు రాసి చూపే పలక అందుకుని ‘నాలుగే’ అని రాశారు. నాకు ఏడుపొచ్చింది. ఉమ్మి మింగలేని నొప్పి నాలుగెలా అవుతుందండీ అన్నాను. చెరిపి మళ్ళీ రాశారు: ‘నొప్పి ఏడు. నాకు నాలుగు.’

ఈ వాక్యం చుట్టూ ఎంత తిరిగినా దాని అంచు దొరకడం లేదు. నేను చెప్పిన అంకె తప్పు కాదు. మోతాదు పెంచిన మర్నాడే ఆయన నాలుగు చెంచాల మజ్జిగ మింగారు. ఆయన చెప్పిన అంకె కూడా తప్పు కాదు. నొప్పికి ఒక కొలత ఉంది, అది నేను పక్కన కూర్చుని చూసి చెప్పగలను. ఆ నొప్పి పడే మనిషి దానికి తనలో ఎంత చోటిచ్చాడన్నది వేరే కొలత. అది బయటి వాళ్ళకు అందదు. అతి దగ్గరగా ఉన్నదాన్ని కదా, నాకు మరీ అందలేదు, ఎందుకంటే నాకు తెలుసు అనుకుని నేను అడగనే లేదు. ఆ శ్రీకాకుళం తాతకు తెలియదు కాబట్టి అతని భార్య ఇరవై చెప్పుకోగలిగింది. మరి ఇంత చిన్న అంకెలోనే ఆయన లెక్క నాకు తెలియకపోతే, ఆపరేషన్ గది బయట నేనన్న ‘తీయండి’లో ఆయన ఎంత ఉన్నట్టు?

నెలలు గడిచాక మాట కొంత వచ్చింది. పెదవులతో పలికేవి, ప, బ, మ, చెక్కుచెదరలేదు. ‘ఏమే’ అని నన్ను పిలిచే పిలుపు ఎప్పటిలాగే ఉంది. నాలుక కొస పైకి లేచి తాకాల్సిన ట, ర, ల మాత్రం ముద్దగా వస్తాయి. ‘టికెట్’ లోనూ ‘రైట్’ లోనూ ఉన్నవి అవే. ఇంటికి ఎవరొచ్చినా ఆయన మాట్లాడతారు, వాళ్ళు నా వైపు చూస్తారు. నేను అర్థం చెబుతాను. చెప్పేటప్పుడు ఒక్కోసారి ఆయన అన్నదానికి నాలుగు మాటలు చేరతాయి. అవి ఆయనవో నావో నాకే తెలియదు.

చివరికి ఒకరోజు అడిగాను. ఆపరేషన్ మధ్యలో మిమ్మల్ని లేపి అడిగి ఉంటే ఏమనేవారు అని. ఆయన చాలాసేపు ఊరుకుని ‘వద్దనేవాణ్ణి’ అన్నారు. మరి ఇప్పుడో అన్నాను. ‘ఇప్పుడు బతికున్నాను కదే. ఇది ఇప్పటి మాట. అప్పుడడిగితే వద్దనేవాణ్ణి’ అన్నారు. కోపంగా అనలేదు, నన్ను ఓదార్చడానికీ అనలేదు. అక్షరాలు సగం సగం పలికాయి. నాకు అర్థం చెప్పేవాళ్ళు అక్కర్లేకపోయింది.

అంటే ఆ రోజు నేను ఆయన మాట చెప్పలేదు. ఇది తెలిశాక గుండె బరువెక్కుతుందనుకున్నాను. అలా జరగలేదు. ఆయన మనసు నాకు తెలుసనే నమ్మకం మీద ఆ ‘తీయండి’ని నిలబెట్టాలని ఇన్నాళ్ళూ తంటాలు పడ్డాను. అది అక్కడ నిలిచేది కాదు. అది నా మాట. నాకు ఈయన కావాలి, కొస లేని నాలుకతోనైనా కావాలి అని నేను నా కోసం అడిగిన మాట. నేను నిజంగా ఆయనలో సగాన్నే అయి ఉంటే ఆయనతో పాటు వద్దనేదాన్ని. వేరే మనిషిని కాబట్టి కావాలన్నాను.

ఇది న్యాయమేనా? నాలుక ఆయనది, కోరిక నాది. ఒకరి ఒంటి మీద ఇంకొకరి కోరిక చెల్లడం భయం కలిగించే సంగతే. రేపు ఆయన నిజంగా చాలు అనుకున్న రోజున కూడా నేను కావాలనే అంటానేమో, అప్పుడు నా మాట చెల్లకూడదు కూడా. ఎక్కడ చెల్లాలో, ఎక్కడ ఆగాలో చెప్పే గీత నా దగ్గర లేదు. ఒకటి మాత్రం మారింది. చెకప్‌కు వెళ్ళినప్పుడు రెండు మాటలనూ ఇప్పుడు కలపను. ‘ఆయన ఇలా అంటున్నారండీ’ అని ఒకటి చెబుతాను. ‘నాకైతే ఇలా కావాలి’ అని రెండోది విడిగా చెబుతాను. రెండూ ఎదురెదురుగా ఉన్నప్పుడు డాక్టరు ముందే వాదించుకుంటాం. ఆయన మాట ముద్దగా వస్తుంది కాబట్టి వాదనకు ఎక్కువ సేపు పడుతుంది. ఎంతసేపైనా పట్టనీ.