లోతు తెలిసినవాని బాధ్యత

కళింగపట్నమువద్ద వంశధార సముద్రములో కలియుచున్నది. వరదలకు అచ్చటి ఇసుకమేటలు తావు మారుచుండును. నిరుడు పడవ సాగిన దారి నేడు మోకాలిలోతే యుండవచ్చును. కనుక ముందున్నవాడు గడవేసి, లోతెంతో కేకవేసి చెప్పవలెను. తెలిసియు ఊరకున్నవాడు నిర్దోషియా?

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములో నావికులు బుడుదు వేసి 20 బారలు, పిమ్మట 15 బారలు లోతని కనుగొనిరి. అపాయమెరిగి, తాము మాత్రమే తప్పించుకొనుటకు పడవ దింపిరి. పౌలు అది శతాధిపతికి తెలిపెను. 276 మందియు దరిచేరిరి.

అప్పు, త్రాగుడు అను మేటలను దాటిన మనము వెనుక వచ్చు పొరుగువానికి చెప్పుచున్నామా? అతడేమనుకొనునో యని మౌనముగా నుండుట మర్యాద కావచ్చును, ప్రేమ కాదు. అయితే పౌలు ఒడ్డున నిలిచి నిందింపలేదు, ఓడలోనుండియే చెప్పెను. మనమును ఆలాగే చెప్పుదము.